కాళ్ళు కడిగించుకోవడం కూడా విధేయతే

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది ప్రకాశం జిల్లా. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాం, వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాం. నాకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఒక కంపెనీలో లెక్కలు చూస్తాను. చిన్నప్పటి నుంచి దైవభయంతో పెరిగాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన, శుక్రవారం ఉపవాసం, శనివారం స్త్రీల కూడిక, ఆదివారం ఆరాధన, సండే స్కూలు పాఠం, దశమభాగం, ఏదీ మానలేదు. మావారి ఉద్యోగం పోయి ఏడాది కావస్తోంది. అప్పటి నుంచి ఇంకా పట్టుదలగా చేస్తున్నాను. ఉపవాసాలు వారానికి మూడు చేశాను. ప్రత్యేక కానుక మొక్కుకుని, అది చెల్లించడానికి మా అమ్మ పెట్టిన గాజులు కుదువపెట్టాను. మావారికి తెలియదు. అయినా సంతోషం లేదు. కొన్ని నెలలుగా మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, అన్నం సహించడం లేదు, పిల్లలు పిలిచినా విసుగు. రేపు పొద్దున లేవకపోతే బాగుండును అనిపిస్తోంది. సంఘంలో ఒక పెద్దాయనతో చెప్పుకుంటే, ‘మీ జీవితంలో ఎక్కడో దాచిన అవిధేయత ఉంది, వెతుక్కోండి’ అన్నారు. వెతికి వెతికి అలసిపోయాను. పోయిన ఆదివారం సాక్ష్యం చెప్పమంటే లేచి, ‘ప్రభువు నన్ను ఆనందంగా ఉంచాడు’ అన్నాను. అబద్ధమాడానని ఆ రాత్రంతా నిద్ర లేదు. పక్కింటివాళ్ళకు ఏ ప్రార్థనా లేదు, హాయిగా నవ్వుకుంటూ ఉంటారు. విధేయులకు సంతోషం ఉంటుందన్న మాట నిజమేనా? నేను ఇంకా ఏం చేయాలి?
ఒక సోదరి, బెంగళూరు

సమాధానం:

అమ్మా, గాజుల గురించీ సాక్ష్యం గురించీ మీరు వివరంగా రాశారు. కానీ ‘రేపు పొద్దున లేవకపోతే బాగుండును’ అన్న మాట మధ్యలో ఎక్కడో పెట్టి, వెంటనే వేరే సంగతిలోకి వెళ్ళిపోయారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

ఆ కోరిక భక్తిహీనుల కోరిక అని మీరు భయపడుతుంటే, మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చదవండి. కర్మెలు కొండ మీద అంతటి విజయం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపు విని పారిపోయి, అరణ్యంలో బదరీవృక్షం కింద కూలబడి తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయన్ను మందలించలేదు. దాచిన పాపమేదో వెతుక్కోమనలేదు. ఏలీయా నిద్రపోయాడు. దూత వచ్చి తట్టి లేపాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది’ అని కారణం కూడా చెప్పాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడటం, కొత్త పని అప్పగించడం, అన్నీ ఆ నిద్ర, ఆ తిండి తర్వాతే జరిగాయి.

కాబట్టి ఉపవాసాలు ఈ వారం నుంచే ఆపండి. ఇది దేవుని మీద అలక కాదు. అన్నం సహించని శరీరానికి ఉపవాసం భక్తి అవదు, ఇంకో దెబ్బ అవుతుంది. నాలుగింటి అలారం కూడా తీసేయండి. నెలల తరబడి నిద్ర తప్పిపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం, ఆకలి పోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, చావు ఆలోచన, ఇవన్నీ కలిసి కనిపిస్తే డాక్టర్లు మానసిక కుంగుబాటు కోసం చూస్తారు. అది జబ్బు. చికిత్స ఉన్న జబ్బు. ముందు మామూలు డాక్టరును కలిసి థైరాయిడ్, రక్తహీనత, బీ12 పరీక్షలు చేయించుకోండి, థైరాయిడ్‌లో తేడా వచ్చినా, రక్తం, బీ12 తగ్గినా మనిషి ఇలాగే నీరసించిపోవచ్చు. ఆ తర్వాత మానసిక వైద్యులను తప్పకుండా కలవండి. దేశంలోనే పేరున్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ మన ఊళ్ళోనే, హోసూరు రోడ్డులో ఉంది. అంత దూరం వెళ్ళే ఓపిక ఇప్పుడు లేకపోతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ ఆలోచన ఏ రాత్రయినా బలంగా వస్తే ఒంటరిగా ఉండకండి. మీవారిని లేపండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మందు మింగితే విశ్వాసం తక్కువైనట్టే అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. సువార్త రాసిన లూకాను పౌలు ‘ప్రియుడైన వైద్యుడు’ అని పిలిచాడు, వృత్తి మానుకోమని చెప్పినట్టు ఎక్కడా లేదు. దేవుడు వైద్యుల చేతుల మీదుగా కూడా పనిచేస్తాడని నేను నమ్ముతాను.

ఇక ఆ పెద్దాయన మాట. ఆయన మీ మేలు కోరే అని ఉంటారు. అయినా ఆ మాట తప్పు. ఊహించి చెప్పడం లేదు, లేఖనమే చెబుతోంది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ‘వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా’ అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు యేసు. యోబు స్నేహితులు ముగ్గురూ అధ్యాయాల కొద్దీ చెప్పింది ఈ పెద్దాయన చెప్పినదే, నీ కష్టానికి నీ తప్పే కారణం అని. చివరికి దేవునికి కోపం వచ్చింది వాళ్ళ మీద, దేవుణ్ణే నిలదీసిన యోబు మీద కాదు. తన గురించి యోబు పలికినట్టు వాళ్ళు సరిగా పలకలేదన్నాడు.

ఈ ఆలోచన మనిషిని ఎంత తినేస్తుందో వైద్యపరిశోధకులూ గమనించారు. అమెరికాలో ఆసుపత్రిలో చేరిన సుమారు 600 మంది పెద్దవయసు రోగులను రెండేళ్ళు గమనించి, 2001లో మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. దేవుడు తమను విడిచిపెట్టాడనీ, తమను ప్రేమించడం లేదనీ లోలోపల కుమిలిపోయినవాళ్ళలో మరణాలు మిగతావాళ్ళకంటే ఎక్కువ కనిపించాయి. వాళ్ళంతా దేవుడు లేడనుకున్నవాళ్ళు కారు. ఉన్నాడు, నా మీద కోపంగా ఉన్నాడు అనుకున్నవాళ్ళూ అందులో ఉన్నారు. మీరు రాత్రి మూడింటికి లేచి వెతుకుతున్నది ఆ కోపానికి కారణమే కదా. వెతకడం ఆపేయండి అమ్మా.

విధేయులకు సంతోషం అన్న మాట నిజమేనా అని అడిగారు. నిజమే. నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను. కానీ ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. యోహాను సువార్త 13వ అధ్యాయం 17వ వచనం: ‘ఈ సంగతులు మీరు ఎరుగుదురు గనుక వీటిని చేసినయెడల మీరు ధన్యులగుదురు.’ ఏ సంగతులు? అంతకు కాసేపటి ముందు యేసు భోజనం దగ్గర నుంచి లేచి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల కాళ్ళు కడిగాడు. మీరూ ఒకరి కాళ్ళు ఒకరు కడగండి అన్నాడు. ధన్యత గురించిన మాట దానికి వచ్చింది. ఎన్ని గంటలు ప్రార్థించాలి, ఎన్ని పూటలు పస్తుండాలి అన్న లెక్క అక్కడ ఎక్కడా లేదు.

మీరు వెంటనే అంటారు, నేను చేస్తున్నది సేవే కదా అని. ఔను, మీరు అందరి కాళ్ళూ కడుగుతున్నారు. అయితే ఆ అధ్యాయంలోనే ఇంకో సంగతి ఉంది. మనం దాన్ని త్వరత్వరగా చదివి వెళ్ళిపోతాం. పేతురు తన కాళ్ళు కడగనివ్వలేదు. ఎన్నడూ కడగకూడదన్నాడు. చూడటానికి ఎంత వినయం! దానికి వచ్చిన జవాబు మాత్రం గట్టిగానే ఉంది: ‘నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు.’ ఆ రాత్రి పేతురు చేయవలసిన విధేయత ఒక్కటే, కదలకుండా కూర్చుని కాలు చాపడం. అది ఆయనకు ఎంత కష్టమైందో చూడండి.

మీ ఉత్తరంలో మీరు చేసినవాటి జాబితా ఉంది. మీ కోసం ఎవరైనా చేసినది, మీరు చేయనిచ్చినది ఒక్కటి కూడా లేదు. మీవారు ఏడాదిగా ఇంట్లో ఉన్నారు. వంట ఎవరు చేస్తున్నారు? పిల్లలను బడి బస్సు ఎవరు ఎక్కిస్తున్నారు? ఆ సంగతులు రాయలేదు కానీ నాలుగింటికి లేచే ఇల్లాలి ఇంట్లో జవాబు నాకు తెలుసు. ఉద్యోగం పోయిన మగవాడికి జీతం కంటే ముందు పోయేది, తాను ఎవరికైనా పనికొస్తున్నానన్న ధైర్యం. అంతా మీరే మోస్తూ ఉంటే ఆయనకు ఆ ధైర్యం తిరిగి రాదు. చారు పలచగా చేసినా, పిల్లల బూట్లు తడిగానే తొడిగి పంపినా, ఆయన్ను చేయనివ్వండి.

నేను వెళ్ళే సంఘంలోనూ ఇలాంటిదే ఒకటి చూశాను. మేము ఒక అద్దె హాల్లో కూడతాం. అపార్టుమెంట్లలో ఇళ్ళు తుడిచే ఒకావిడ అందరికంటే ముందు వచ్చి, చాపలు గోడకు సమానంగా, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరిచి, పాటల పుస్తకాలు సర్ది, ఎవరూ చూడకముందే వెనక వరుసలో కూర్చునేది. ఒక వర్షాకాలం ఆమెకు డెంగీ జ్వరం వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగాలు చేసే అమ్మాయిలు వంతులు వేసుకుని ఆమె రేకుల గదికి జావ, కొబ్బరినీళ్ళు తీసుకెళ్ళారు. మొదటిరోజు ఆమె ఆ గిన్నె ముట్టుకోలేదు. సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకుంది. ‘మీరు నాకు పెట్టడమేమిటమ్మా’ అని ఏడ్చింది. తేరుకున్నాక మళ్ళీ వచ్చి చాపలు పరిచింది. కానీ అప్పటి నుంచి వెనక వరుసలో కూర్చోవడం మానేసింది. ఆ పిల్లల మధ్యలో కూర్చుని పాడేది. నేను సంఘంలో చూసిన సంతోషం అదీ. ఆమె చాపలు పరచడం వల్ల వచ్చిందా, జావ తాగడం వల్ల వచ్చిందా అంటే రెండూ కలిసే వచ్చాయంటాను.

అమెరికాలో 74,534 మంది నర్సులను చాలా ఏళ్ళు గమనించిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. వారానికి ఒకటికంటే ఎక్కువసార్లు ఆరాధనకు వెళ్ళినవాళ్ళలో, అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే, ఆ కాలంలో మరణాలు 33 శాతం తక్కువ. ఒక్క గమనింపును బట్టి ఇదే కారణమని ఖాయం చేయలేం, అయినా ఆ పరిశోధకులు గుర్తించినవాటిలో నాకు నచ్చినది, తోడుగా నిలిచే మనుషులు. మీరు వారానికి రెండుసార్లు వెళ్తున్నారు. కానీ అక్కడికి బోధించడానికి, సర్దడానికి, సాక్ష్యం చెప్పడానికి వెళ్తున్నారు, తోడు కోసం కాదు.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. మీరు చేసే విధేయతలో బేరం చొరబడింది. చీటీ కట్టినట్టు నెలనెలా ఉపవాసాలు కడితే ఎప్పుడో ఒకరోజు పాట మన పేరున వస్తుంది, మావారికి ఉద్యోగం వస్తుంది అన్న లెక్క అది. రాకపోయేసరికి వాయిదా పెంచారు. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టను. కష్టంలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క మొదలవుతుంది, దాన్ని ఎగదోసే బోధలూ తక్కువేమీ లేవు. కానీ దేవుని ఆజ్ఞలు మన మేలు కోసం ఇచ్చినవని ద్వితీయోపదేశకాండము 10వ అధ్యాయం చెబుతుంది. ఆయనకు మన దగ్గర నుంచి రావలసిన బాకీ వసూలు కోసం కాదు.

ఆ ఆజ్ఞల్లో మీరు పాటించనిది ఒకటి ఉంది. విశ్రాంతి దినం. మీ ఆదివారం ఎలా ఉందో చూడండి: తెల్లవారకముందే లేవడం, వంట, పాఠం తయారీ, ఆరాధన, సండే స్కూలు, సాయంత్రం సోమవారానికి బట్టలు. వారంలో మిగతా రోజులకంటే ఎక్కువ పని. పది ఆజ్ఞలు బైబిల్లో రెండుచోట్ల వస్తాయి. నిర్గమకాండంలో విశ్రాంతికి కారణం, దేవుడు ఆరు దినాల్లో సృష్టి ముగించి ఏడవ దినాన విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండంలో కారణం వేరు: నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావు, అది గుర్తుంచుకో, నీ దాసదాసీలు కూడా నీలాగే విశ్రమించాలి. బానిసత్వం నుంచి బయటికి తెచ్చిన దేవుడు తన పేరు మీద మరో బానిసత్వం పెడతాడా? (ఇంట్లో పనిమనిషి ఉంటే ఆమెకూ ఆదివారం సెలవు ఇవ్వండి. ఆ ఆజ్ఞలో ఆమె కూడా ఉంది.) సండే స్కూలు బాధ్యత కొన్ని నెలలు వేరెవరికైనా అప్పగించండి. కారణం అడిగితే ఆరోగ్యం బాగాలేదని చెప్పండి. అది నిజం.

గాజుల సంగతి. కానుక ఇచ్చేశారు, అది అయిపోయింది. కొత్త మొక్కులు మాత్రం వద్దు. మీవారికి ఉద్యోగం వచ్చేదాకా ఇంటి ఖర్చులకు మించి రూపాయి కూడా ఎవరికీ మాట ఇవ్వకండి. బంగారం మీద అప్పుకు వడ్డీ పేరుకుంటూ ఉంటుంది, గడువు దాటితే వేలం వేస్తారు. రసీదు బయటికి తీసి గడువు తేదీ చూడండి, ఆ కాగితం మీవారి చేతిలో పెట్టి జరిగింది చెప్పండి. కోప్పడవచ్చు. పడనివ్వండి. మీరొక్కరే మోసే రహస్యం ఇంకొకటి తగ్గుతుంది. ఇవ్వడం గురించి పౌలు కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరంలో ‘శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే’ అన్నాడు. అప్పుచేసి ఇచ్చింది కలిమి ఎలా అవుతుంది? మార్కు సువార్త 7వ అధ్యాయంలో, దేవునికి అర్పించేశామంటూ తల్లిదండ్రులకు పెట్టవలసింది ఎగ్గొట్టిన ఆచారాన్ని యేసు ఎండగట్టాడు. ఇంటివాళ్ళ నోటి దగ్గరది తీసి తనకు పెట్టమని ఆయన అడగడు.

సాక్ష్యం విషయంలో మీ మనసు గుచ్చుకోవడం మంచిదే, అది మీ మనస్సాక్షి బతికే ఉందని చెబుతోంది. కానీ రాత్రంతా కుమిలిపోవలసిన నేరం కాదు. అందరూ చప్పట్లకు సిద్ధంగా చూస్తుంటే ఏ మనిషికైనా అదే మాట వస్తుంది. మళ్ళీ అడిగితే, ‘నాకు ఇప్పుడు కష్టంగా ఉంది, నా కోసం ప్రార్థించండి’ అని కూర్చోండి. అదీ సాక్ష్యమే. కీర్తనల గ్రంథం నిండా అవే ఉన్నాయి. 13వ కీర్తన ‘ఎంతకాలం’ అన్న ప్రశ్నతో మొదలై, చివరికి పాటలోకి వస్తుంది. 88వ కీర్తన అక్కడికీ రాదు, చీకటి దగ్గరే ముగుస్తుంది. దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ప్రార్థన చేయాలనిపిస్తే ఆ రెండింట్లో ఒకటి చదవండి. పూర్తిగా కాకపోయినా రెండు వచనాలు. అంతే చాలు, ఇప్పటికి.

పక్కింటివాళ్ళ నవ్వుతో మీకు లెక్క లేదు. దేవుడు తన సూర్యుణ్ణి అందరి మీదా ఉదయింపజేస్తాడు, అందులో మీకు తగ్గేదేమీ లేదు.

ఇవన్నీ చేయడానికి సంఘం వాళ్ళు ఒప్పుకోరేమో అని మీకు సందేహం రావచ్చు. ఒప్పుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్ళవద్దంటే మాత్రం వినకండి. మనుషులకు కాదు దేవునికే లోబడాలని అపొస్తలులు ప్రధానయాజకుడి సభలోనే తెగేసి చెప్పారు. దేవునికి లోబడటమూ, దేవుని పేరు చెప్పేవాళ్ళందరికీ లోబడటమూ ఒకటి కాదు.

స్త్రీల కూడికలో మీకు నమ్మకమైనవాళ్ళు ఒకరైనా ఉంటారు. ఈ శనివారం కూడికకు వెళ్ళకండి, ఆమెకు ఫోను చేసి, ‘అక్కా, ఒంట్లో బాగాలేదు, రాత్రికి ఏదైనా వండి తీసుకొస్తారా’ అని అడగండి. తెచ్చినప్పుడు లేచి కాఫీ పెట్టే పని పెట్టుకోకండి. కూర్చునే తినండి. గిన్నెలు మీవారు కడుగుతారు. సోమవారం పొద్దున డాక్టరు దగ్గరికి ఆయన్నే వెంట తీసుకెళ్ళండి.